స్పంజికలు: సముద్రమున సూక్ష్మజీవనాశక పదార్థముల అన్వేషణ

లక్సెట్టిపేట ప్రక్కగా ప్రవహించు గోదావరి నీరు కాళేశ్వరము వద్ద ప్రాణహితను, ఆపైన ఇంద్రావతిని, శబరిని కలుపుకొని, ధవళేశ్వరము దాటి బంగాళాఖాతమును చేరును. మంచిర్యాల జిల్లాలోని ఈ ఊరికి సముద్రము వందల కిలోమీటర్ల దూరమున నున్నది. అయినను ఇచ్చటి విద్యార్థులకును, ఉపాధ్యాయులకును సముద్రపు అడుగున నివసించు ఒక జంతువును గూర్చి తెలిసికొనవలసిన అవసరము కలదు. ఆ జంతువు స్పంజిక. పుండు చీము పట్టినప్పుడు, ఊపిరితిత్తులకు జబ్బు సోకినప్పుడు మనము వాడు మందులకు, ఆ జంతువునకు గల సంబంధమే ఈ వ్యాసమునకు విషయము.

స్పంజిక యెట్టి జంతువు?

పూర్వము బడిపిల్లలు పలక తుడుచుటకు వాడిన తడి స్పాంజిని పెద్దలు ఎరుగుదురు. నేడు అంగళ్లలో దొరకు స్పాంజి చాలవరకు కర్మాగారములలో తయారగునది. కాని ఆ పేరు ఒక సముద్రజంతువునుండి వచ్చినది. కొన్ని జాతుల స్పంజికలు చనిపోయిన పిమ్మట వాని మెత్తని భాగము కుళ్ళిపోగా, మిగిలిన పీచువంటి అస్థిపంజరమే అసలైన స్పాంజి.

స్పంజికకు తల లేదు, గుండె లేదు, నాడులు లేవు. దాని పిల్ల కొంతకాలము నీటిలో ఈది, ఒక రాతికి అంటుకొని, ఇక జీవితమంతయు అచ్చటనే గడుపును. అందుచేత పూర్వులు పెక్కుమంది దీనిని మొక్క యని భావించిరి. జంతుశాస్త్రజ్ఞులు స్పంజికలను పొరిఫెరా, అనగా రంధ్రములు గల జీవులు, అను వర్గమున చేర్చిరి. ఇంతవరకు సుమారు 9,000 జాతులు వర్ణింపబడినవి. వానిలో 200కు పైగా జాతులు మంచినీటిలో నుండును, తక్కినవన్నియు సముద్రవాసులే.

స్పంజిక శరీరము నిండ సన్నని రంధ్రములు, వానినుండి లోపలికి పోవు కాలువలు, కాలువల నడుమ చిన్న గదులు ఉండును. గదుల గోడలకు కొరడావంటి కశాభము గల కణములు వరుసగా నుండును. కశాభములు ఎడతెగక ఆడుటచేత నీరు సన్నని రంధ్రములగుండా లోనికి వచ్చి, పైనున్న పెద్ద రంధ్రమునుండి వెలికి పోవును. నీటిలోని సూక్ష్మజీవులను కణములు పట్టి భుజించును. ఒక కిలోగ్రాము స్పంజిక రోజునకు 24,000 లీటర్ల వరకు నీటిని వడపోయగలదని లెక్కించిరి.

ఇచ్చట విద్యార్థులు ఒక లెక్క చేయవచ్చును. ఒక మిల్లీలీటరు సముద్రపు నీటిలో సుమారు 10 లక్షల బాక్టీరియాలుండును. లీటరులో 1,000 మిల్లీలీటర్లు. కనుక 24,000 లీటర్లలో 24 లక్షల కోట్ల బాక్టీరియాలు. ఒక్క దినములో ఇన్ని సూక్ష్మజీవులు ఆ శరీరములోనుండి ప్రయాణము చేయును. అందు అధికభాగము స్పంజికకు ఆహారమే. కాని కొన్ని దానికి రోగము కలిగింపగలవు. కొన్ని పైన జిగురుగా పట్టి రంధ్రములను పూడ్చివేయగలవు. పారిపోవుటకు దానికి కాళ్ళు లేవు. దాగుకొనుటకు గుల్ల లేదు. సముద్రములో పడిన కఱ్ఱముక్క కొద్ది దినములలో జిగురు పట్టి, పిమ్మట నాచుతోను గుల్లలతోను నిండిపోవును. దాని ప్రక్కనే యున్న స్పంజిక తరచుగా శుభ్రముగా కనిపించును.

కత్తి, కవచము లేని ఈ జీవికి రక్షణ యేది? అది రసాయన పదార్థములతో తన్ను కాపాడుకొనుచుండవలెనని శాస్త్రజ్ఞులు ఊహించిరి. ఆ ఊహనుండియే ఈ అన్వేషణ బయలుదేరినది.

క్రొత్త మందుల అవసరమేమి?

1928 వ సంవత్సరమున లండనులో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ఒక బూజు చుట్టును బాక్టీరియాలు పెరుగకుండుట గమనించి పెనిసిలిన్‌ను కనుగొనెను. 1943 లో అమెరికాలో వాక్స్‌మన్ ప్రయోగశాలయందు ఆల్బర్ట్ షాట్జ్ నేలలోని ఒక సూక్ష్మజీవినుండి స్ట్రెప్టోమైసిన్‌ను వేరుచేసెను. క్షయకు అది మందైనది. భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వము వహించుచుండగా, అచ్చటి బెంజమిన్ డగ్గర్ కనుగొనిన ఆరియోమైసిన్ 1948 లో వెలువడినది. అదియు నేలలోని సూక్ష్మజీవి యిచ్చిన మందే. ఇట్టి మందులను యాంటీబయాటిక్‌లందురు. ఇవి బాక్టీరియాలను చంపును, లేక వాని పెరుగుదలను ఆపును.

కాని బాక్టీరియాలు ఊరకుండునవి కావు. ప్రత్తిచేనుపై ఒకే పురుగుమందును ఏటేట చల్లిన రైతుకు ఈ సంగతి సులభముగా బోధపడును. మొదటి యేడు పురుగులు చాలవరకు చచ్చును; మందునకు తట్టుకొనిన కొద్ది పురుగులు బ్రతికి సంతానమును పెంచును; కొన్ని యేండ్లకు ఆ మందు పనిచేయదు. బాక్టీరియాలలో ఒక తరము కొన్నిచోట్ల అరగంటలోపలనే ముగియును. పైగా అవి ఎదిరించు గుణమును కలిగించు జన్యువులను ఒకదానినుండి మరియొకటి గ్రహింపగలవు. అందుచేత వానిలో ఈ మార్పు ఎంతో త్వరగా వ్యాపించును.

మందులకు లొంగని బాక్టీరియాల మూలముగా 2019 వ సంవత్సరమున ప్రపంచమున సుమారు 12 లక్షల 70 వేల మరణములు సంభవించినవని 2022 లో ప్రకటితమైన ఒక విస్తృత పరిశీలన తెలుపుచున్నది. ప్రసవము, శస్త్రచికిత్స, పొలములో కాలికి తగిలిన గాయము, వీనిని నేడు మనము అంతగా భయపడకుండుటకు కారణము యాంటీబయాటిక్‌లే. అవి పనిచేయనినాడు మన తాతల కాలపు భయము మరల వచ్చును. నేలలోని సూక్ష్మజీవులను దశాబ్దములపాటు వెదకిన పిమ్మట, దొరికినవే మరల మరల దొరకసాగినవి. కనుక శాస్త్రజ్ఞుల చూపు సముద్రమువైపు మరలినది.

సముద్రమున తొలి అడుగులు

1951 వ సంవత్సరమున అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయపు వెర్నర్ బెర్గ్‌మన్, అతని సహచరుడు ఫీనీ ఫ్లారిడా తీరపు స్పంజికనుండి లభించిన కొన్ని వింత పదార్థములను వర్ణించిరి. అవి మన కణములలోని కేంద్రకామ్లములందుండు భాగములను పోలియుండి, చక్కెర భాగమున మాత్రము భేదించియుండెను. ఈ నమూనాను అనుసరించి రసాయనజ్ఞులు తయారుచేసిన సైటరబిన్ 1969 లో అమెరికాలో ఆమోదము పొంది, రక్తపు కాన్సరునకు మందైనది. విడరబిన్ అను మరియొకటి వైరసులను అరికట్టుటకు ఉపయోగపడినది. స్పంజికలు మందులకు దారి చూపగలవని వీనివలన రుజువైనది.

బాక్టీరియాల విషయమున 1959 లో న్యూయార్కు మత్స్యప్రదర్శనశాలకు చెందిన రాస్ నిగ్రెల్లి, అతని సహచరులు మైక్రోసియోనా ప్రోలిఫెరా అను ఎఱ్ఱని స్పంజికనుండి సూక్ష్మజీవులను నిరోధించు సారమును తీసి, దానికి ఎక్టయోనిన్ అని పేరిడిరి. పిమ్మట 1967 లో శర్మ, బర్క్‌హోల్డర్ అను ఇరువురు వెరోంజియా జాతి స్పంజికలనుండి బ్రోమిన్ గల ఒక బాక్టీరియానాశక పదార్థమును వేరుచేసి, దాని నిర్మాణమును నిర్ణయించిరి. ఈ బర్క్‌హోల్డరే అంతకు ఇరువది యేండ్ల క్రిందట వెనిజులా మట్టిలో క్లోరామ్‌ఫెనికాల్‌ను తయారుచేయు సూక్ష్మజీవిని కనుగొనినవారిలో ఒకడు. నేలను వెదకినవాడే పిమ్మట సముద్రమును వెదకినాడు.

ఆ పదార్థమున బ్రోమిన్ ఉండుట గమనింపదగినది. నేలపై మొక్కలు, జంతువులు తయారుచేయు పదార్థములలో బ్రోమిన్ చాల అరుదు. సముద్రపు నీటిలోనో, లీటరునకు సుమారు 65 మిల్లీగ్రాముల బ్రోమిన్ లవణరూపమున నుండును. సముద్రజీవులు దానిని తమ అణువులలో ఇముడ్చుకొనును. అందుచే నేలపై లభింపని క్రొత్త నమూనాలు సముద్రమున లభించుచున్నవి.

1993 లో జర్మనీ శాస్త్రజ్ఞులు ఈ జాతి స్పంజికను గూర్చి మరియొక విశేషము ప్రకటించిరి. గాయము కాని స్పంజికలో బ్రోమిన్ గల పెద్ద అణువులు నిలువయుండును. కణములు చితికినప్పుడు ఎంజైములు వానిని ఖండించి చిన్న అణువులుగా మార్చును. ఆ చిన్న అణువులలో 1967 నాటి బాక్టీరియానాశక పదార్థము కూడ నున్నది. అనగా గాయమైన చోటనే మందు తయారగుచున్నది. ఈ కుటుంబపు స్పంజికలన్నిటిలోను ఇట్లే జరుగునా అను విషయమై పిమ్మట చర్చ నడచినది. కరీబియన్ జాతులు కొన్నిటిలో ఇట్టి మార్పు కానరాలేదని మరికొందరు చూపిరి.

అన్వేషణ ఎట్లు జరుగును?

మొదట ఈతగాండ్రు సముద్రమున మునిగి స్పంజికను సేకరింతురు. లభించిన స్థలము, లోతు, రంగు అచ్చటనే వ్రాసికొందురు. స్పంజిక జాతిని గుర్తించుట సులభము కాదు. దాని దేహమందలి కంటకములు, అనగా సూదులవంటి సన్నని నిర్మాణములు, సూక్ష్మదర్శినిలో చూచి జాతిని నిర్ణయింతురు. జాతి తప్పుగా వ్రాసినచో తరువాతి శ్రమయంతయు వ్యర్థము. ఏలయనగా ఆ పదార్థమును మరల తెచ్చుటకు దారి యుండదు.

పిమ్మట స్పంజికను ముక్కలుచేసి ఆల్కహాలులో నానవేయుదురు. ఆల్కహాలును ఇగిర్చగా చిక్కని సారము మిగులును. ఈ సారమును చిన్న కాగితపు బిళ్ళకు పట్టించి, బాక్టీరియాలు చల్లిన అగార్ పళ్ళెము మీద ఉంచుదురు. ఒక రాత్రి గడచిన పిమ్మట పళ్ళెమంతయు బాక్టీరియాలు తెల్లని పొరవలె పెరుగును. సారములో బలమున్నచో బిళ్ళ చుట్టును గుండ్రని ఖాళీ స్థలము కనిపించును. నారుమడిలో ఉప్పురాశి పోసినచోట చుట్టును మొలకలు లేక బోడిగా నుండునట్లే ఇదియు.

ఈ వలయము కనబడగానే మందు దొరకినదని తలపరాదు. ఉప్పు మొలకలను చంపినట్లే, సారములోని ఏ పదార్థమైనను బాక్టీరియాలను చంపవచ్చును. అది మన కణములను కూడ చంపవచ్చును. కనుక అసలు పని ఇప్పుడు మొదలగును. సారములో వందలకొలది పదార్థములు కలిసియుండును. వానిని వర్ణలేఖన పద్ధతిచే వేరుచేయుదురు. సుద్దముక్క మీద సిరాచుక్క పెట్టి, దాని అడుగుభాగమును నీటిలో ఉంచినచో, నీరు పైకి ప్రాకుచు సిరాలోని రంగులను వేరువేరు పట్టీలుగా విడదీయును. ప్రయోగశాలలో జరుగునది ఇదే సూత్రము. వేరైన ప్రతిభాగమును మరల బాక్టీరియాలపై పరీక్షించి, బలమున్న భాగమునే మరల విడదీయుదురు. చివరకు ఒక్క శుద్ధపదార్థము మిగులును. దాని అణుభారమును, అణువులోని పరమాణువుల అమరికను అయస్కాంత అనునాదము మున్నగు పద్ధతులచే నిర్ణయింతురు.

అటుపిమ్మట రెండు ప్రశ్నలు. ఎంత తక్కువ మోతాదు బాక్టీరియాను ఆపును? ఎంత మోతాదు మనుష్యకణములకు హాని చేయును? ఈ రెండింటి మధ్య దూరము ఎక్కువగా నున్ననే ఆ పదార్థము మందు కాగలదు.

తెలుగువారి కృషి

ఈ శాస్త్రమున తెలుగువారి పాత్ర చెప్పుకొనదగినది. విశాఖపట్నమున ఆంధ్ర విశ్వవిద్యాలయపు రసాయనజ్ఞులు సి. భీమశంకరరావు, డి. వెంకటరావు, వారి సహచరులు స్పంజికలలోని పదార్థములను గూర్చి వరుసగా వ్యాసములు ప్రకటించిరి. 1991 లో వెలువడిన ఆ వరుసలోని మూడవ వ్యాసమున, హిందూ మహాసముద్రపు ఫిల్లోస్పాంజియా డెండీ అను స్పంజికనుండి స్కాలరేన్ కుటుంబపు క్రొత్త పదార్థములను వర్ణించిరి. నాలుగు కర్బన వలయములు ఒకదానితో నొకటి అతికియుండుట ఈ కుటుంబపు లక్షణము. హైదరాబాదులోని భారత రసాయన సాంకేతిక సంస్థయందు వై. వెంకటేశ్వర్లు, సహచరులు 1994 లో హాలిక్లోనా ఎక్సిగువా అను స్పంజికనుండి నత్రజని గల పదార్థములను వేరుచేసిన వృత్తాంతమును ప్రకటించిరి. సముద్రము లేని హైదరాబాదులో సముద్రజీవుల రసాయనము వెలుగులోనికి వచ్చినదన్నమాట. శాస్త్రమునకు దూరము అడ్డు కాదు.

పదార్థమును తయారుచేయునది యెవరు?

కొన్ని స్పంజికల దేహమున మూడవవంతుకు పైగా బాక్టీరియాలే నివసించుచుండును. ఇవి శత్రువులు కావు; సహజీవులు. స్పంజిక వానికి ఆశ్రయ మిచ్చును. అట్లయినచో మందు పదార్థమును తయారుచేయునది స్పంజికయా, లేక దానిలో కాపురమున్న బాక్టీరియాయా అను సందేహము కలిగినది. థియోనెల్లా స్వైన్‌హోయీ అను స్పంజిక విషయమున దీనికి సమాధానము లభించినది. అందలి పెక్కు శక్తిగల పదార్థములను తయారుచేయు జన్యువులు ఎంటోథియోనెల్లా అను బాక్టీరియాలో నున్నవని 2014 లో తేలినది.

ఈ సమాధానము వట్టి కుతూహలమునకు సంబంధించినది కాదు. హాలికాండ్రిన్ బి అను పదార్థము కొరకు జపాను శాస్త్రజ్ఞులు 600 కిలోగ్రాముల స్పంజికలను సేకరింపగా 1986 నాటికి లభించినది 12.5 మిల్లీగ్రాములు మాత్రమే. ఆ బరువు కొద్ది బియ్యపుగింజల పాటి యుండదు. ఇట్లు తీసినచో ఒక వ్యాధికి మందు సమకూర్చులోపల సముద్రమున స్పంజికయే మిగులదు. అందుచేత రసాయనజ్ఞులు ఆ అణువులో అవసరమైన సగభాగమును గుర్తించి, దానిని ప్రయోగశాలలో నిర్మించిరి. అదియే ఎరిబ్యులిన్, 2010 లో రొమ్ము కాన్సరునకు మందుగా అమెరికాలో ఆమోదింపబడినది. తయారుచేయు బాక్టీరియా తెలిసినచో, దానినో దాని జన్యువులనో పెంచి పదార్థమును పొందవచ్చును. స్పంజికను నరకనక్కరలేదు.

బాక్టీరియాలపై మందు ఏల రాలేదు?

కాన్సరునకును, వైరసులకును మందులిచ్చిన స్పంజికలు ఇంతవరకు బాక్టీరియాలను చంపు మందు నొక్కటియు వైద్యశాలకు అందింపలేదు. పరిశోధనశాలలో వలయము చూపిన పదార్థములు వందలకొలది యున్నవి. ఇంత భేదమునకు కారణములను విద్యార్థి తెలిసికొనవలెను.

మొదటిది విషగుణము. కాన్సరు రోగికి కొంత విషగుణము గల మందునైనను ఇచ్చుటకు వైద్యులు సాహసింతురు. చీముపుండునకు అట్లు ఇయ్యరాదు. రెండవది బాక్టీరియాల కవచము. 1884 లో డెన్మార్కు దేశపు గ్రామ్ కనిపెట్టిన రంగు పరీక్షను బట్టి బాక్టీరియాలు రెండు తెగలు. ఒక తెగకు వెలుపల మరియొక పొర కలదు. చాల పదార్థములు ఆ పొరను దాటలేవు. 1980 లో పలావు దీవుల స్పంజికనుండి లభించిన మానోఅలైడ్ వెలుపలి పొర లేని తెగపైననే పనిచేసినది. పిమ్మట దానికి వాపును తగ్గించు గుణము కలదని తెలిసి, పరిశోధన ఆ దిశకు మరలినది. మూడవది, పైన చెప్పిన సరఫరా చిక్కు. నాలుగవది ధనము. యాంటీబయాటిక్‌ను రోగి కొద్ది దినములే వాడును. క్రొత్త మందును వైద్యులు అత్యవసరమునకై దాచియుంచుదురు. కనుక దానిపై పెట్టుబడి పెట్టుటకు కంపెనీలు వెనుకాడుచున్నవి.

కావున స్పంజికను మందులగని యని పొగడుట తొందరపాటు. అది యిచ్చినది నమూనాలు. మన ప్రయోగశాలలు ఊహింపని ఆకృతులు గల అణువులను అది చూపినది. ఆ అణువును సవరించి, విషగుణము తగ్గించి, బలము పెంచుట రసాయనజ్ఞుని పని.

పాఠశాలలో ఏమి చేయవచ్చును?

సముద్రము దూరమైనను స్పంజికలు దూరము కావు. మంచినీటి స్పంజికలు మన దేశపు చెరువులలోను, నదులలోను కలవు. నీరు తగ్గిన కాలమున, ఉపాధ్యాయుని వెంట, లోతులేని చోట నీటిలోని రాళ్ళ అడుగుభాగమును, మునిగిన కొమ్మలను పరిశీలింపవలెను. పచ్చగానో గోధుమరంగుగానో గరుకైన పొరవలె పట్టి, సన్నని రంధ్రములతో నున్నచో అది స్పంజిక కావచ్చును. దానిని వట్టిచేతులతో రుద్దరాదు. కంటకములు చర్మమున గ్రుచ్చుకొని దురద పుట్టించును. చిన్న ముక్కను గాజుపలకపై ఉంచి సూక్ష్మదర్శినిలో చూచినచో గాజుసూదులవంటి కంటకములు కనిపించును. ఎండకాలము సమీపించినప్పుడు ఆవగింజలకన్న చిన్నవైన గుండ్రని బీజములు దానిలో ఏర్పడి, నీరెండినను బ్రతికియుండి, వానలు రాగానే మరల స్పంజికలగును.

బడిలో బాక్టీరియాలను పెంచి పరీక్షింపరాదు. అందులో అపాయము కలదు. దానికి బదులు పళ్ళెములో తడిగుడ్డ పరచి, అంతట ఆవాలు చల్లి, నడుమ ఉప్పుగడ్డ నుంచవచ్చును. మూడు నాలుగు దినములకు చుట్టును మొలకలు వచ్చి, నడుమ ఖాళీ వలయము మిగులును. ఉప్పు ఎక్కువైనకొలది వలయమెట్లు మారునో కొలిచి పట్టిక వ్రాయవచ్చును. ఖాళీ వలయము దేనిని తెలుపును, దేనిని తెలుపదు అని ఉపాధ్యాయుడు ప్రశ్నించినచో పాఠము పూర్తియగును.

చివరిమాట మన ఇండ్లకు సంబంధించినది. జలుబునకు, చాలవరకు దానిని కలిగించునవి వైరసులే గనుక, యాంటీబయాటిక్ పనిచేయదు. వైద్యుడు చెప్పని మందును కొనుట, చెప్పిన మందును తన యిష్టము వచ్చినట్లు నడుమ మానుట, మిగిలిన మాత్రలను ఇరుగుపొరుగు వారికిచ్చుట, ఇవి మానవలెను. ఒక క్రొత్త మందును కనుగొని రోగికి అందించుటకు పది పదునైదేండ్లు పట్టవచ్చును. ఉన్న మందు నిష్ప్రయోజనమగుటకు అంతకాలము పట్టదు. సముద్రమున వెదకువారికి ఆ కాలమును మిగుల్చుట మన చేతిలోని పని.